గాయం ఆరాలా? మానాలా?

మన భాషలో ఒక చిన్న తిరకాసు ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే నాలుగు రోజులాగి "పుండు ఆరిందా?" అని అడుగుతాం. "మానిందా?" అని అడిగినట్టే లెక్క. నిజానికి ఆరడం అంటే తడి పోవడం, మానడం అంటే నయం కావడం. రెండూ వేరువేరు సంగతులు. గాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం రెంటినీ ఒకటి చేసేశాం. ఇంకా మానని దాన్ని "పచ్చి పుండు" అంటాం. తడి ఉన్నంతకాలం పుండే, ఎండితే నయమైనట్టే అని మన మనసులో ఎప్పుడో స్థిరపడిపోయింది.

నేనూ మొన్నమొన్నటి దాకా అలాగే అనుకున్నాను. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోతే ఇంట్లో ఒకరు గడ్డి చేమంతి ఆకు పసరు పిండేవారు, ఇంకొకరు కాఫీ పొడి అద్దేవారు. చివరికి అందరూ కలిసి ఇచ్చే సలహా ఒక్కటే: "కట్టు కట్టకు, గాలి తగలనివ్వు, ఆరిపోతుంది." రెండ్రోజులకి నల్లటి పెచ్చు కట్టేది. ఆ పెచ్చు కనిపిస్తే ఇంక ఫర్వాలేదని ధైర్యం వచ్చేది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ పుణ్యమా అని ఆ ధైర్యం పోయింది. మా నలుగురు బ్యాచ్‌మేట్స్ కలిసి చేసిన ప్రాజెక్ట్ ఇది: రసి కారే గాయాల మీద వేసే కట్టు కోసం, నీళ్ళు పీల్చుకునే హైడ్రోజెల్ తయారు చేయడం. "నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎవరూ చదవరు, మన పత్రికకి తెలుగులో రాయి, కనీసం క్లబ్ వాళ్ళమైనా చదువుతాం" అని మా ఎడిటర్ అన్నాడు. అందుకే ఇది. కెమికల్ వాళ్ళు కానివాళ్ళు కూడా భయపడకుండా చదవొచ్చు. ఈక్వేషన్లు లేవు.

నాయనమ్మ కాలు

ఈ టాపిక్ నేనే పట్టుబట్టి తీసుకున్నాను. కారణం మా నాయనమ్మ. ఆవిడకి చాలా ఏళ్ళుగా షుగర్. కిందటేడు వేసవిలో కుడి అరికాలి మీద, బొటనవేలి మొదట్లో ఒక పుండు పడింది. చెప్పులో ఏదో చిన్న రాయి ఉండిపోయింది, ఆవిడకి తెలియలేదు. షుగర్ ఎక్కువ కాలం ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి. మనమైతే ఒక్క అడుగుకే "అబ్బా" అని చెప్పు విదిలిస్తాం. ఆవిడ సాయంత్రం దాకా నడిచింది.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు కట్టు మార్చే పని నాది. దూది, గాజుగుడ్డ, టేపు, ఇవే మా దగ్గరున్న సరంజామా. పుండులోంచి వచ్చే రసి గాజుగుడ్డ పోగుల్లోకి ఇంకి, అక్కడే ఎండి, జిగురులా పట్టేసేది. కట్టు తీస్తుంటే గుడ్డతో పాటు అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న లేత పొర కూడా ఊడొచ్చేది. కింద ఎర్రగా రక్తం చిమ్మేది. నాయనమ్మ మాత్రం టీవీ చూస్తూనే ఉండేది. నొప్పి తెలిస్తే "నెమ్మదిగా లాగవే" అనేది కదా! ఆవిడ అనదు కాబట్టి ఎంతవరకు లాగొచ్చో నాకు తెలిసేది కాదు. తర్వాత ఒక నర్సమ్మ గారు, ముందు సెలైన్ పోసి నానబెట్టి అప్పుడు తీయాలని నేర్పారు. అంతవరకు ఎన్నిసార్లు మానుతున్న పుండుని మళ్ళీ మొదటికి తెచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంకో నెల తిరిగేసరికి దానికి సరిగ్గా వ్యతిరేకం. రసి ఎక్కువైపోయింది. పొద్దున కట్టిన కట్టు సాయంత్రానికి తడిసి ముద్దయ్యేది. పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం, బట్టలుతికిన చేతివేళ్ళలా తెల్లగా నాని, ముడతలు పడి, అక్కణ్ణుంచి కూడా చిట్లడం మొదలైంది. ఒకే కాలు, ఒకే పుండు. ఎండితే ఒక గొడవ, తడిస్తే ఇంకో గొడవ. మరి ఎలా ఉంచాలి దీన్ని?

పంది చర్మం చెప్పిన సంగతి

ఈ ప్రశ్నకి 1962లోనే ఒక జవాబు వచ్చింది. జార్జ్ వింటర్ అనే ఆయన పంది పిల్లల చర్మం మీద చిన్నచిన్న పైపై గాయాలు చేశాడు. పంది చర్మం మన చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పంది. కొన్ని గాయాలని గాలికి వదిలేశాడు, వాటికి పెచ్చు కట్టింది. కొన్నింటి మీద పాలిథీన్ పొర కప్పాడు, అవి తడిగానే ఉన్నాయి. పాలిథీన్ కింద ఉన్నవాటి మీద కొత్త చర్మపు పొర సుమారు రెండింతల వేగంగా పరుచుకుంది. ఆ వ్యాసం 'నేచర్' పత్రికలో వచ్చింది. మరుసటి సంవత్సరమే హిన్‌మన్, మైబాక్ అనే ఇద్దరు మనుషుల చర్మం మీద కూడా అదే రకం తేడా చూపించారు.

ఎందుకలా? గాయం అంచుల్లో ఉన్న చర్మకణాలు మధ్యలోకి పాక్కుంటూ వచ్చి ఖాళీని మూసేయాలి. పాకడానికి వాటికి తడి నేల కావాలి. పైన ఎండి పెచ్చు కట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడవి పెచ్చు కిందికి దిగి, తడి ఉన్న లోపలి పొర దాకా వెళ్ళి, ఎండిన కణజాలాన్ని ఎంజైములతో కోసుకుంటూ పోవాలి. రోడ్డు మీద నడిచి వెళ్ళాల్సిన వాళ్ళని సొరంగం తవ్వుకుంటూ రమ్మన్నట్టు. నేను చిన్నప్పుడు చూసి ధైర్యం తెచ్చుకున్న పెచ్చు, పాపం ఆ కణాలకి అడ్డుగోడ.

అలాగని తడి ఎంత ఉంటే అంత మంచిదని కాదు. రసిలో తెల్లకణాలు, ప్రోటీన్లు, కణాలు పెరగడానికి తోడ్పడే పదార్థాలు ఉంటాయి. మామూలు దెబ్బకి అది మేలే చేస్తుంది. కానీ నెలల తరబడి మానని పుండులో ఆ రసిలోనే ప్రోటీన్లని కొరికేసే ఎంజైములు మితిమీరి ఉంటాయి. అవి కొత్తగా అల్లుకుంటున్న కణజాలాన్ని కూడా కరిగించేస్తాయి. పైగా చుట్టూ చర్మం నానిపోతుంది, సూక్ష్మజీవులు చేరతాయి.

కాబట్టి కట్టు చేయాల్సిన పని ఇది: మిగులు తడిని తీసుకోవాలి, కావలసిన తడిని వదిలేయాలి, పుండుకి అంటుకోకూడదు. వినడానికి ఒక్క వాక్యం. మాకు రెండు సెమిస్టర్లు పట్టింది, అయినా పూర్తి కాలేదు.

సబ్జా గింజల నుంచి మొదలుపెడదాం

హైడ్రోజెల్ అనగానే ఏదో విదేశీ పదార్థం అనుకోకండి. ఎండాకాలం గ్లాసులో నానేసిన సబ్జా గింజల్ని చూడండి. చిన్న నల్లటి గింజ చుట్టూ ఒక పారదర్శకమైన జిగురు పొర ఉబ్బుతుంది. వడకట్టినా ఆ నీళ్ళు కారిపోవు. తాటి ముంజ కూడా అంతే, దాదాపు అంతా నీళ్ళే, అయినా చేత్తో పట్టుకోవచ్చు.

లోపల ఏముంటుందంటే, నీటిని ఇష్టపడే పొడవాటి పాలిమర్ గొలుసులు. అవి విడివిడిగా ఉంటే నీళ్ళలో కరిగి గంజిలా అయిపోతాయి. వాటిని అక్కడక్కడా ఒకదానికొకటి ముడి వేస్తే వల తయారవుతుంది. ఆ ముడినే మేం క్రాస్‌లింక్ అంటాం. నీళ్ళు వల లోపలికి వస్తాయి, వల సాగుతుంది. ఒక హద్దు దాటాక సాగిన గొలుసులు వెనక్కి లాగుతాయి. లోపలికొచ్చే నీటి ఒత్తిడి, వెనక్కి లాగే వల బిగువు సమానమైన చోట ఉబ్బడం ఆగిపోతుంది. ఈ లెక్కని 1943లో ఫ్లోరీ, రేనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కట్టి చూపించారు. ముడులు తక్కువైతే జెల్ బాగా ఉబ్బుతుంది కానీ చేతిలో చితికిపోతుంది. ముడులు ఎక్కువైతే గట్టిగా ఉంటుంది కానీ నీళ్ళు పట్టవు. హైడ్రోజెల్ చేసేవాళ్ళ జీవితమంతా ఈ రెంటి మధ్యే.

శరీరం మీద వాడేందుకని హైడ్రోజెల్‌ని తయారుచేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది చెకోస్లొవేకియాలోని ఒట్టో విఖ్టర్లే, ద్రహోస్లావ్ లీమ్. వాళ్ళ వ్యాసం 1960లో వచ్చింది. ఆ జెల్‌తోనే విఖ్టర్లే 1961 క్రిస్మస్‌కి తన ఇంటి వంటింట్లో, పిల్లలాడుకునే మెర్కుర్ లోహపు ముక్కల సెట్టుకి సైకిల్ డైనమో బిగించి తిప్పుతూ మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పోశాడు. మా ల్యాబ్‌లో పరికరాలు లేవని మేం సణిగినప్పుడల్లా మా గైడ్ సార్ ఈ కథ చెప్పేవారు. పదిహేను సార్లు విని ఉంటాం.

మా వంట

మేం ఎంచుకున్న పాలిమర్ పాలీవినైల్ ఆల్కహాల్, ముద్దుగా పీవీఏ. తెల్లటి గుళికల్లా ఉంటుంది. 10 గ్రాముల పీవీఏని 90 గ్రాముల నీళ్ళలో కలిపి, 90 డిగ్రీల దగ్గర గంటల తరబడి తిప్పాలి. ఒకేసారి పోస్తే ఉప్మా రవ్వలా ఉండలు కట్టేస్తుంది. మొదటి వారం మేం చేసింది ఉండలే.

ముడులు వేయడానికి గ్లుటరాల్డిహైడ్ లాంటి రసాయనం వాడొచ్చు. త్వరగా అయిపోతుంది. కానీ అందులో మిగిలిపోయిన కొంచెం రసాయనమైనా కణాలకి విషమే. పుండు మీద వేసేదానికి అదెందుకని మేం గడ్డకట్టించి కరిగించే పద్ధతికి వెళ్ళాం. ద్రావణాన్ని పెట్రి డిష్‌లో పోసి మైనస్ 20 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. పొద్దున తీసి గది వేడికి వదిలేయాలి. మళ్ళీ ఫ్రీజర్. ఇలా కొన్నిసార్లు. నీళ్ళు మంచుగా మారుతున్నప్పుడు పీవీఏ గొలుసుల్ని పక్కకి నెట్టేస్తాయి. నెట్టబడిన గొలుసులు ఇరుకు సందుల్లో దగ్గరదగ్గరగా చేరి, వరసగా పేర్చుకుని, చిన్నచిన్న స్ఫటికాలు కడతాయి. మంచు కరిగినా ఆ స్ఫటికాలు విడిపోవు. అవే ముడులు. ఏ రసాయనమూ కలపకుండా, చలితో వేసిన ముడులన్నమాట. మూడో రోజు పొద్దున డిష్ అంచు నుంచి తెల్లటి పొర ఒకటి పూరీలా చేతిలోకి ఊడొచ్చినప్పుడు మా నలుగురి మొహాలు చూడాలి.

ఒట్టి పీవీఏ ఎక్కువ పీల్చదు. అందుకని సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపాం. పేరు పొడవే కానీ చుట్టరికం దగ్గరిదే: ఐస్‌క్రీమ్‌లో చిక్కదనానికి వేసేది కూడా ఇదే. దీని గొలుసుల మీద ఋణావేశం ఉన్న గుంపులు ఉంటాయి. వాటికి జంటగా సోడియం అయాన్లు ఉంటాయి. వల లోపల అయాన్లు కిక్కిరిసి ఉంటే, ఆ చిక్కదనాన్ని పల్చన చేయడానికి బయటి నీళ్ళు లోపలికి పరుగెత్తుకొస్తాయి. కలిపి చూశాం. ఎండబెట్టిన ముక్కని తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, మర్నాడు తీసి తూచాం. 1 గ్రాము ముక్క 11 గ్రాములైతే 1000 శాతం ఉబ్బినట్టు లెక్క. మాకు వచ్చిన నంబర్ చూసి ఎగిరి గంతేశాం. పీపీటీలో ఆ గ్రాఫ్‌కి ఒక స్లైడ్ మొత్తం ఇచ్చేశాం.

ఒక్క ప్రశ్న

మొదటి రివ్యూలో సార్ ఆ స్లైడ్ దగ్గర ఆపి నన్ను అడిగారు.

"ఏమ్మా, మీ నాయనమ్మ గారి కాల్లోంచి డిస్టిల్డ్ వాటర్ వస్తోందా?"

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రసి ఉప్పగా ఉంటుంది. అందులో సోడియం, కాల్షియం, ప్రోటీన్లు అన్నీ ఉంటాయి. మేం పరీక్షించింది మాకు మంచి మార్కులిచ్చే నీళ్ళలో.

గాయాల కట్లని పరీక్షించడానికి యూరప్‌లో ఈఎన్ 13726 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఒక లీటరు నీళ్ళలో 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలుపుతారు. అంటే సోడియం, కాల్షియం అయాన్లు రసిలో ఉన్నంత మోతాదులోనే ఉంటాయి. దాన్ని 37 డిగ్రీలకి వేడిచేసి అందులో కట్టుని ముంచుతారు. మేం ఆ ద్రావణం చేసి మళ్ళీ తూచాం. మా నంబర్ సగానికి సగం పడిపోయింది.

ఎందుకు పడిందో మాగాయ పెట్టే ఇళ్ళలో అందరికీ తెలుసు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే మూడో రోజుకి ఊట దిగుతుంది. బయట ఉప్పు ఎక్కువ ఉంటే నీళ్ళు అటు పోతాయి. జెల్‌లోనూ అంతే. బయట కూడా అయాన్లు ఉన్నప్పుడు లోపల పల్చన చేయాల్సిన అవసరం తగ్గిపోతుంది, నీళ్ళకి లోపలికి రావాలన్న తొందర పోతుంది. పైగా కాల్షియం అయాన్‌కి రెండు ధనావేశాలు. అది రెండు గొలుసుల్ని ఒకేసారి పట్టుకుని వలని ఇంకా బిగించేస్తుంది.

ఇది మీరూ చూడొచ్చు. చిన్నపిల్లల డైపర్ ఒకటి కత్తిరించి లోపలి పొడిని గ్లాసులో వేసి నీళ్ళు పోయండి. గ్లాసంతా జెల్ అయిపోతుంది. దాని మీద రెండు చెంచాల ఉప్పు వేసి కలపండి. జెల్ కుంగిపోయి నీళ్ళు బయటికొస్తాయి. ఆ పొడి సోడియం పాలీఅక్రిలేట్. మంచినీళ్ళలో తన బరువుకి కొన్ని వందల రెట్లు పీల్చుకునే ఆ పదార్థం, సెలైన్‌లో పదుల రెట్ల దగ్గర ఆగిపోతుంది.

మేం స్లైడ్ మార్చాం. పాత గ్రాఫ్ తీసేయలేదు, దాని పక్కనే కొత్త గ్రాఫ్ పెట్టాం. తర్వాత ఎవరి పేపర్ చదివినా ముందు చూసేది ఒక్కటే: ఏ నీళ్ళలో తూచారు?

పీల్చడం ఒక్కటే కాదు

ఆ ప్రశ్న తర్వాత మాకు ఇంకో సంగతి అర్థమైంది. అసలు ఎక్కువ పీల్చడమే గొప్ప అనుకోవడంలోనే తప్పుంది. మనిషి మామూలు చర్మం మీంచి చదరపు మీటరుకి రోజుకి సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది. చర్మం పోయి కణజాలం పెరుగుతున్న గాయం నుంచి అది 5000 గ్రాముల దాకా ఉండొచ్చు. కట్టు ఆవిరిని అసలు పోనివ్వకపోతే కింద చెరువు కడుతుంది. అంతా పోనిస్తే పుండు ఎండిపోతుంది. రోజుకి 2000 నుంచి 2500 గ్రాముల మధ్య వదిలే కట్టు చాలా గాయాలకి సరిపోతుందని ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే లెక్క. దీన్ని కొలవడం తేలికే. నీళ్ళున్న కప్పు మూతికి జెల్ పొర బిగించి, 37 డిగ్రీల గదిలో పెట్టి, కప్పు బరువు రోజుకి ఎంత తగ్గిందో చూడడమే.

ఇంకో పరీక్ష మాకు చేదు నిజం చెప్పింది. జెల్‌ని ఎండబెట్టి తూచి, నీళ్ళలో రెండు రోజులుంచి, మళ్ళీ ఎండబెట్టి తూచాం. బరువు తగ్గింది. అంటే మేం కలిపిన సెల్యులోజ్‌లో కొంత ఏ ముడికీ చిక్కుకోలేదు, మెల్లగా బయటికి జారిపోతోంది. పుండు మీద ఉంటే పుండులోకే జారిపోయేది. గడ్డకట్టించే సార్లు పెంచితే జారడం తగ్గింది, దాంతో పాటు పీల్చడమూ తగ్గింది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. మా రిపోర్ట్‌లో సగం ఈ బేరసారాలే.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. బజారులో దొరికే హైడ్రోజెల్ షీట్లు చాలావరకు ముందే నీళ్ళతో నిండి ఉంటాయి. అవి ఎండిన పుండుకి తడి ఇవ్వడానికి బాగుంటాయి, మండుతున్న గాయానికి చల్లగా హాయిగా ఉంటాయి. రసి బాగా కారే పుండుకి అవి చాలవు. అలాంటివాటికి సముద్రపు నాచు నుంచి తీసిన కాల్షియం ఆల్జినేట్ పోగుల కట్టు, లేదా ఫోమ్ వాడతారు. ఆల్జినేట్ పోగులు పొడిగా వెళ్ళి, రసిలోని సోడియంకి తమ కాల్షియంని మార్చుకుని, పుండు మీదే జెల్ అవుతాయి. ఇక రక్తప్రసరణ లేక నల్లగా ఎండిపోయిన వేళ్ళని అసలు తడపకూడదు. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా వైద్యం మొదలుపెట్టకండి. ఏ పుండుకి ఏ కట్టో చూసి చెప్పాల్సింది డాక్టరే.

కుక్కర్‌లో కరిగిన కల

చివరి పని సూక్ష్మజీవులు లేకుండా చేయడం. ల్యాబ్‌లో ఆటోక్లేవ్ ఉంది, అంటే పెద్ద ప్రెషర్ కుక్కరే అనుకోండి. 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు. మా బెస్ట్ శాంపిల్స్ ఆరు పెట్టి మూత బిగించాం. తీసి చూస్తే జెల్ లేదు, సీసా అడుగున పాయసం ఉంది. చలితో వేసిన ముడులు వేడికి విడిపోతాయన్న చిన్న సంగతి నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ స్ఫటికాలు అంత వేడిని ఎలా తట్టుకుంటాయి?

సరిగ్గా ఈ చిక్కుకే పోలండ్‌లోని ఉడ్జ్ నగరంలో యానుష్ రోషియాక్ బృందం 1980లలో ఒక చక్కటి దారి చూపించింది. పాలీవినైల్ పైరోలిడోన్, పాలీఇథిలిన్ గ్లైకాల్, అగర్, నీళ్ళు కలిపి అచ్చులో పోసి, ప్యాకెట్‌లో సీలు వేసేసి, అప్పుడు రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్ నీటి అణువుల్ని విడగొడితే పుట్టే రాడికల్స్ పాలిమర్ గొలుసులకి ముడులు వేస్తాయి. అదే రేడియేషన్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. ముడి వేయడం, శుద్ధి చేయడం రెండూ ఒకే దెబ్బకి, సీలు విప్పకుండానే. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు కూడా పీవీఏకి అగర్, క్యారాగీనన్ కలిపి ఇదే దారిలో గాయాలకి హైడ్రోజెల్ తయారుచేశారు. మా కాలేజీలో గామా రేడియేషన్ ఎక్కడుంటుంది! మా రిపోర్ట్‌లో అది "ముందు చేయాల్సిన పని" అన్న పేజీలోకి వెళ్ళింది.

"నాకు పెట్టవే"

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తూ ఒక జెల్ ముక్కని డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను, చూపించడానికి. నాయనమ్మ దాన్ని వేలితో నొక్కి చూసింది. "ముంజ లాగా ఉందే" అంది. తర్వాత కాలు ముందుకి చాపింది.

"నువ్వు చేసిందే కదా, నాకు పెట్టవే."

కుదరదన్నాను. "ఏం, నా కాలుకి పనికి రాదా?" అంది. ఎలా చెప్పాలి? ఇది శుద్ధి చేయలేదు. ఇందులోంచి జారిపోయేది కణాలకి హాని చేస్తుందో లేదో తెలియదు. అది తెలియాలంటే ఐఎస్ఓ 10993 ప్రకారం ముందు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద, తర్వాత జంతువుల మీద, ఆ తర్వాత అనుమతులతో మనుషుల మీద పరీక్షించాలి. నొప్పి తెలియని పాదం మీద ఏదైనా తేడా చేస్తే ఆవిడకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇవన్నీ చెప్పలేదు. "ఇంకా పరీక్ష పాస్ కాలేదు నాయనమ్మా" అన్నాను. "నువ్వా, అదా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆవిడ పుండు మానింది. మా జెల్ వల్ల కాదు. డాక్టర్ గారు ముందు చచ్చిపోయిన కణజాలం తీసేశారు. పుండు మీద బరువు పడకుండా వేరే చెప్పులు రాయించారు. షుగర్ అదుపులోకి తెచ్చారు. రసి ఎక్కువున్నప్పుడు ఆల్జినేట్ కట్టు వేశారు, తగ్గాక హైడ్రోజెల్ షీట్‌కి మార్చారు. ఆ షీట్ తీసేటప్పుడు మొదటిసారి నేను పక్కనే ఉన్నాను. సెలైన్ పోయలేదు, నానబెట్టలేదు. అంచు పట్టుకుని ఎత్తగానే వచ్చేసింది. కింద లేత గులాబీ రంగు పొర, తడిగా, చెక్కుచెదరకుండా ఉంది. రక్తం చుక్క లేదు. నాయనమ్మ ఎప్పట్లాగే టీవీ చూస్తోంది.

గాయాన్ని ఏ కట్టూ మాన్పదు, శరీరమే మాన్పుకుంటుంది. కట్టు చేయగలిగింది ఆ పనికి అడ్డు రాకుండా ఉండడం, తడిని అదుపులో ఉంచడం. రెండు సెమిస్టర్లలో నేను నేర్చుకున్నది ఇంతే. మా జూనియర్స్ ఈ ఏడాది అదే ప్రాజెక్ట్‌ని ముందుకి తీసుకెళ్తున్నారు. సెల్యులోజ్ జారిపోకుండా ముడి వేసే దారి వెతుకుతున్నారు. వాళ్ళ మొదటి రివ్యూకి నన్నూ రమ్మన్నారు. ఒక స్లైడ్ దగ్గర ఆపి ఏ నీళ్ళలో తూచారని అడిగాను. "సెలైన్‌లోనే అక్కా, కాల్షియం కూడా వేశాం" అన్నారు.

ఇంట్లో మాత్రం ఇప్పటికీ అందరూ "నాయనమ్మ పుండు ఆరిపోయింది" అనే అంటారు. నేను సరిదిద్దడం మానేశాను.